తుడిచాక చార మిగలకుండా...

అద్దాన్ని సబ్బునీళ్ళతో తుడుస్తాం. తడిమీద తళతళలాడుతుంది; ఆరాక చూస్తే తెల్లటి చారలు! తుడిచినవాళ్ళను విసుక్కుంటాం. తప్పు వాళ్ళది కాదండీ, నీళ్ళది. ఉప్పు బోరునీళ్ళలో ఉండే సున్నపు లవణాలు సబ్బుతో కలిస్తే కరగని తెట్టు అవుతుంది. ఆ చార అదే.

కనుక ఆరాక ఏమీ మిగల్చని మందు కావాలి. నీళ్ళు మరగకాచి, చల్లార్చి, పైతేట వంచుకోండి. కప్పు నీళ్ళకు పావుకప్పు తెల్ల వెనిగర్ కలపండి. ఇది ఆవిరైపోతుంది. పొయ్యిగట్టు పక్కన జిడ్డు పట్టిన పలకలకైతే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు చేర్చండి, అంతకు మించొద్దు. తడిబట్టతో ఒకసారి, పొడి నూలుబట్టతో ఒకసారి తుడిస్తే సరి.

కొందరు ఇందులో వంటసోడా కూడా వేస్తారు. బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కాని రెండూ ఒకదాని బలం ఒకటి విరిచేసుకుని, చివరికి ఒక లవణం మిగులుతుంది. మళ్ళీ చారే!

ఇక జాగ్రత్తలు. కడప, తాండూరు, షాబాదు బండలు సున్నపురాళ్ళు. పాలరాయీ ఆ జాతిదే. వెనిగర్ పడితే నునుపు పోయి మచ్చలు తేలతాయి. వాటికి మంచినీళ్ళు చాలు.

అన్నిటికంటే ముఖ్యం: బ్లీచింగ్ పౌడరుతో వెనిగర్ ఎన్నడూ కలపకండి. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. మూసిన స్నానాల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. సీసామీద పేరు రాసి, పిల్లలకు అందనిచోట పెట్టండి.