ఎనుముకు సగం సూది వేయిస్తున్నారా?

కణేకల్ దిక్కు మీకు తెలిసిందే. ఒక పక్క హెచ్చెల్సీ నీళ్ళు, చెరువు, వరి కయ్యలు. ఇంకో పక్క హగరి ఇసుక మేటలు, చెనక్కాయ మెట్టలు. తడి ఉన్న చోట పచ్చిమేత దొరుకుతుంది. దాంతోపాటే జోరీగలూ, దోమలూ వస్తాయి.

సాయంత్రం ఇంటికొచ్చిన ఎనుము కుడితి ముట్టలేదనుకోండి. ఒళ్ళు కాలుతోంది. రెండు రోజులకు జ్వరం తగ్గింది, మళ్ళీ వచ్చింది. పాలు పడిపోయాయి, గొడ్డు చిక్కిపోతోంది. కొన్ని గొడ్లు ఉన్న చోటే గుండ్రంగా తిరుగుతాయి. ఇది 'సర్రా' కావచ్చు. జోరీగ ఒక గొడ్డును కుట్టి, ఆ రక్తం మూతికి అంటుకుని ఉండగానే ఇంకోదాన్ని కుడితే, ట్రిపనోసోమా అనే పరాన్నజీవి అటునుంచి ఇటు వస్తుంది. అది ఒంటరి కణం. కాళ్ళూ చేతులూ లేవు, రక్తంలో చిన్న చేపలా ఈదుతుంది. మనుషులకొచ్చే మలేరియా జీవి కూడా ఇలాంటి ఒంటి కణమే.

అడంగల్ నకలు లాంటి పని

ఇంత చిన్న ప్రాణి గొడ్డును ఎట్లా పడగొడుతుంది? సంఖ్యతో. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మనిషి ఎర్ర రక్తకణంలో దూరిన ప్రమాదకర రకం మలేరియా జీవి ఒక్కటి, సుమారు 48 గంటల్లో 16 నుంచి 32 పిల్లలై బయటికొస్తుంది.

ప్రతి పిల్లకూ డీఎన్ఏ అనే రాత ఒక ప్రతి కావాలి. వెనక కరణం గారు పాత అడంగల్ ముందు పెట్టుకుని కొత్తది దించేవారు గదా (1984లో ఆ పదవులు పోయాయి, ఆ తప్పుల తగాదాలు మాత్రం ఇంకా కోర్టుల్లోనే ఉన్నాయి). కణంలోనూ అంతే. డీఎన్ఏ రెండు పేటల తాడు. ఒక ప్రోటీన్ ఆ పేటలు విప్పుతుంది. ఇంకోటి ఒక్కో అక్షరం చూసి కొత్త పేట రాస్తుంది. మరోటి ముక్కలను అతికిస్తుంది. మలేరియా జీవి రాతలో సుమారు 2 కోట్ల 30 లక్షల అక్షరాలున్నాయి. 2002లో శాస్త్రజ్ఞులు దాన్ని మొత్తం చదివారు.

రాతలో తప్పులు పడతాయి, తాడు తెగుతుంది. అప్పుడు మరమ్మతు ప్రోటీన్లు వస్తాయి. రెండు పేటలూ ఒకేచోట తెగితే 'రాడ్51' అనే ప్రోటీన్ ఇంకో నకలు వెతికి, దాన్ని చూసి తెగిన చోటు సరిచేయిస్తుంది. మన కణాలకు ఇంకో దారి కూడా ఉంది. నకలు చూడకుండానే తెగిన కొసలు రెండూ కలిపి ముడివేస్తాయి. మలేరియా జీవికి ఆ ముడి వేసే ఏర్పాటు మామూలు రూపంలో లేదు. కాబట్టి రాడ్51 దానికి ప్రాణాధారం.

ఈ బలహీనత మీద పని మన దగ్గరే జరిగింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మృణాళ్ కాంతి భట్టాచార్య గారి బృందం ఆ రాడ్51ను అడ్డుకునే ఒక రసాయనాన్ని పరీక్షించింది. దాన్ని ఆర్టిమిసినిన్, క్లోరోక్విన్‌లతో కలిపితే రెండింటి దెబ్బా పెరిగిందని 2019లో ప్రకటించింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూసిన బేగంపేట కూడా ఆ ఊళ్ళోదే. అయితే ఇది ప్రయోగశాలలో పెంచిన జీవుల మీద జరిగిన పని. మందుల షాపులో అడిగితే దొరికేది కాదు.

ఒక్క అక్షరం మారితే

సర్రాకు వేసే డిమినజీన్ సూది మందు పరాన్నజీవి డీఎన్ఏకే అతుక్కుంటుంది. పుస్తకం పేజీలు జిగురుతో అంటుకుపోయినట్టు, నకలు దిగదు. మలేరియాలో వాడే పైరిమెథమిన్ దారి వేరు. డీఎన్ఏ అక్షరాలు తయారు కావాలంటే ఫోలిక్ ఆమ్లం పని జరగాలి, దాన్ని ఈ మందు ఆపుతుంది. (భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది.)

చిక్కు ఎక్కడంటే, నకలు రాతలో ఒకే ఒక్క అక్షరం తప్పు పడితే చాలు, పైరిమెథమిన్ అతుక్కునే చోటు మారిపోతుంది. సర్వే నంబరులో ఒక అంకె మారితే నోటీసు వేరే ఇంటికి పోయినట్టే. మందు సగమే వేస్తే మామూలువి చచ్చి, ఇలా కొంచెం తట్టుకునేవి మిగులుతాయి. వాటి పిల్లలే రేపు మంద అవుతాయి. సగం మందు కొట్టిన చేలో పచ్చపురుగు సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

ఊళ్ళో సూదులు వేసే మనిషి 300 కిలోల గొడ్డును కంటి అంచనాతో 150 కిలోలనుకుని మందు ఎక్కిస్తాడు. ఖర్చు తగ్గిందని మనమూ ఊరుకుంటాం. తప్పు ఇద్దరిదీ. బరువు మీరే కట్టుకోవచ్చు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే హెచ్చవేయండి. భుజం ఎముక నుంచి తోక పక్కన పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చించి, 300తో భాగిస్తే పౌండ్లు వస్తాయి. వాటిని 2.2తో భాగిస్తే కిలోలు. చుట్టు 66, పొడవు 54 ఉన్న గొడ్డు సుమారు 356 కిలోలు తూగుతుంది. ఈ లెక్క కాగితం మీద రాసుకెళ్ళి డాక్టరు గారికివ్వండి. మోతాదు ఆయన చెప్తారు.

ఇంట్లో మనుషులకు చలిజ్వరం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా కార్యకర్త దగ్గరో రక్తపరీక్ష ఉచితం. వైవాక్స్ రకమైతే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం నాలుగో రోజుకే పోతుంది, మాత్రలు గూట్లో మిగిలిపోతాయి. కానీ కాలేయంలో కొన్ని జీవులు నకలు పని ఆపి నిద్రపోతుంటాయి. ఆ 14 రోజులూ వాటి కోసమే. గర్భిణులకు, పసిబిడ్డలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. ఇంట్లో ఎవరికైనా కొన్ని మందులతో రక్తం విరిగిపోయే లోపం ఉంటే ముందే చెప్పండి.

గొడ్డు సంగతిలో ఇంకొక్కటి. రక్తపు చుక్క జ్వరం కాస్తున్నప్పుడే, చెవి కొన నుంచి, ఏ సూదీ పడకముందు తీయించండి. మందు పడ్డాక గాజుపలక మీద ఏమీ కనబడకపోవచ్చు.