గడిలో పట్టని వంశచరిత్ర

బ్రిటన్‌లో ఏ జీపీ సర్జరీలో పేరు నమోదు చేసుకున్నా, ‘ఎత్నిసిటీ’ అన్న శీర్షిక కింద ఒక గడిలో గుర్తు పెట్టమంటారు. మనం ‘ఇండియన్’ అన్న గడిని ఎంచుకుంటాం. ఆ గుర్తు వైద్యుడికి మన శరీరం గురించి ఏమి చెబుతుంది? లండన్‌లో పుట్టిన భారతీయ సంతతి విజ్ఞానశాస్త్ర పాత్రికేయురాలు ఏంజెలా సైనీ 2019లో వెలువరించిన ‘సుపీరియర్’ చదివాక, ఈ ప్రశ్నను పక్కన పెట్టడం కష్టం.

ఆక్స్‌ఫర్డ్‌లో ఇంజనీరింగ్ చదివి, బీబీసీలో విలేఖరిగా పనిచేసిన సైనీ, అంతకుముందు ‘ఇన్ఫీరియర్’ (2017)లో స్త్రీల విషయంలో శాస్త్రం చేసిన పొరపాట్లను పరిశీలించారు. ‘సుపీరియర్’లో పరిశీలనాంశం ‘రేస్’ అన్న అర్థంలో జాతి. జాతి ఒక సామాజిక విభజనే కాని జీవశాస్త్ర విభజన కాదన్నది ఆమె వాదం. దీనికి ఆధారం పాతదే. మానవుల జన్యువైవిధ్యంలో సుమారు 85 శాతం ఒక్కొక్క జనసమూహం లోపలే ఉన్నదనీ, జాతుల మధ్య తేడా సుమారు 6 శాతమేననీ రిచర్డ్ లెవాంటిన్ 1972లోనే లెక్కగట్టాడు.

ఈ చర్చ ఆసుపత్రి దాకా వస్తుంది. క్రియాటినిన్‌ను బట్టి మూత్రపిండాల పనితీరును అంచనా వేసే ఒక సూత్రంలో, రోగి నల్లజాతివారైతే ఫలితాన్ని 1.159తో గుణించేవారు. అదే రక్తపరీక్షకు వారి మూత్రపిండాలు దాదాపు 16 శాతం మెరుగ్గా ఉన్నట్లు కనిపించేవి. దానితో జబ్బును గుర్తించడం ఆలస్యమయ్యే ప్రమాదం ఉండేది. 2021లో నైస్ సంస్థ ఈ సవరణ వద్దని తన మార్గదర్శకాలలో పేర్కొంది.

అయితే పూర్వీకుల ఊసే వైద్యానికి అక్కరలేదా? అలా అనలేము. పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే ఇద్దరు వైద్యులు 2004లో ‘లాన్సెట్’లో తమ ఫోటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎమ్ఐ 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. దక్షిణాసియా వారికి మధుమేహ ప్రమాదాన్ని 25కు బదులు 23 దగ్గరనుంచే గమనించమని నైస్ చెప్పడం ఇటువంటి పరిశీలనల ఫలితమే. ఈ తేడాకు కారణం జన్యువులు మాత్రమే కాదు. తక్కువ బరువుతో పుట్టడం, తల్లి పోషణ, తరువాతి జీవనవిధానం కూడా అందులో ఉన్నాయి. గడి ప్రమాదాన్ని సూచించగలదు గాని, కారణాన్ని వివరించలేదు.

కొన్నిసార్లు ఆ సూచన కూడా చేయలేదు. శస్త్రచికిత్సకు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సామిథోనియం అనే మందును వాడతారు. రక్తంలోని ఒక ఎంజైము దానిని నిమిషాలలో విచ్ఛిన్నం చేస్తుంది. ఆ ఎంజైము లోపించినవారు గంటల తరబడి తమంతట ఊపిరి తీసుకోలేరు; అంతసేపూ వెంటిలేటరు మీద ఉంచవలసిందే. ఈ లోపం మన ఆర్యవైశ్యులలో ఎక్కువ. కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన ఒక జన్యుమార్పు, తరతరాలుగా లోపలి వివాహాల వలన ఆ సమూహంలో నిలిచిపోయింది. ఆ సమూహంలో పుట్టిన ప్రతివారికీ ఇది ఉండదు. ఇతరులలో అసలు ఉండదనీ కాదు. ‘ఇండియన్’ అన్న గడికి మాత్రం ఇదేమీ తెలియదు. ఇది జాతి లక్షణం కాదు, వంశచరిత్ర.

సైనీ హెచ్చరికను నేను ఈ విధంగా అర్థం చేసుకున్నాను: గడిని చూసి సమాధానం చెప్పుకోవడం మాని, రోగిని మరో ప్రశ్న అడగాలి. రోగిగా మనం చేయవలసిందీ ఉంది. మత్తు ఇచ్చినప్పుడు రక్తసంబంధీకులలో ఎవరికైనా మెలకువ రావడం గాని, ఊపిరి అందుకోవడం గాని ఆలస్యమైందేమో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి. అటువంటిది ఉంటే మత్తువైద్యులకు ముందే చెప్పండి. ఎంజైము స్థాయి తెలుసుకోవడానికి ఒక రక్తపరీక్ష చాలు. లోపం ఉన్నట్లు తేలితే వారు వేరే మందు వాడతారు.