నలభై రోజుల దౌర్: నీట్‌కు ముందు పెద్ద సిలబస్‌ను తిరగేయడం ఎలా?

ఇంటర్ పరీక్షలు మార్చి మూడు, నాలుగు వారాల్లో ముగుస్తాయి. నీట్ సాధారణంగా మే మొదటి ఆదివారం వస్తుంది. మధ్యలో మిగిలేది ఆరు వారాలు, మన పెద్దల లెక్కలో చెప్పాలంటే ఒక చిల్లా. దాతల నుంచి మా సొసైటీకి ఎక్కువ ఫోన్లు వచ్చేదీ ఆ రోజుల్లోనే. "పిల్లలకు ఏ పుస్తకాలు కావాలి? ఎన్ని సెట్లు కొనమంటారు?" అని అడుగుతారు. అలా అడిగే మనసులకు అల్లాహ్ మేలు చేయుగాక. అయితే ఆ నలభై రోజుల్లో పిల్లలకు కావలసింది పుస్తకం కాదన్న సంగతి మాకే ఆలస్యంగా తెలిసింది. ఎందుకు కాదో, మరేం కావాలో ఈ సావనీరులో కాస్త వివరంగా చెప్పాలనుకున్నాం.

ముందు సిలబస్ ఎంతో చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ వారు కుదించిన తర్వాత కూడా 11, 12 తరగతుల పుస్తకాల్లో ఫిజిక్స్ 28 పాఠాలు, కెమిస్ట్రీ 19, బయాలజీ 32 ఉన్నాయి. మొత్తం 79. రోజుకు రెండు పాఠాల చొప్పున చదివితే ఒక్కసారి చివరిదాకా వచ్చేసరికి నలభై రోజులూ అయిపోతాయి. అప్పటికి మొదటి రోజు చదివిన పాఠంలో ఎంత గుర్తుంటుందో మీరే ఊహించవచ్చు. ఈ లెక్క తెలియక కాదు, తెలిసే పిల్లలు భయపడతారు. భయంతో కొత్త గైడు కొంటారు, లేదా మేము కొనిచ్చింది పట్టుకుంటారు.

మేమూ అదే చేశాం. మొదట్లో ఒక సంవత్సరం జకాత్ సొమ్ముతో దళసరి ప్రశ్నల పుస్తకాలు కొని ఏప్రిల్ మొదట్లో పంచిపెట్టాం. సభ జరిగింది, ఫోటోలు తీశారు. పరీక్ష అయ్యాక కొందరు పిల్లలు వాటిని తమ తర్వాతి వారికి ఇవ్వమని తెచ్చి ఇచ్చారు. చాలా పుస్తకాల్లో మొదటి యాభై పేజీల దగ్గర మాత్రమే పెన్సిలు గుర్తులున్నాయి, మిగతా పేజీలు ప్రెస్సు నుంచి వచ్చినట్టే ఉన్నాయి. ఒక అమ్మాయి మాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "సార్, మీరిచ్చిన పుస్తకం చూస్తే నాకేమీ రాదనిపించింది. నాకు వచ్చిన పాఠాలు కూడా ఆ రోజు నుంచి రాలేదు."

ఆ మాట విన్న తర్వాత మేము కోచింగ్ సెంటరు వైపు కాక, మన మసీదు వైపు చూడవలసి వచ్చింది. 114 సూరాలు, 30 పారాలు గుండెలో నిలుపుకునే పిల్లలు మన వీధుల్లోనే ఉన్నారు. వారు ఎలా నిలుపుకుంటారు? హిఫ్జ్ మదరసాలో రోజుకు మూడు పనులుంటాయి. సబఖ్ అంటే ఇవాళ్టి కొత్త పాఠం. సబ్ఖీ అంటే ఈ మధ్య నేర్చుకున్న నాలుగు రోజుల పాఠం. మంజిల్ అంటే ఎప్పుడో నేర్చిన పాత భాగం. మూడూ ప్రతిరోజూ ఉండాల్సిందే. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ మూడింటినీ ఉస్తాద్‌కు చూడకుండా అప్పజెప్పాలి. రమజాన్ ముందు హాఫిజ్ సాహెబులు దౌర్ చేసేటప్పుడు ఒకరు చదువుతుంటే మరొకరు వింటారు. తరావీహ్‌లోనూ వెనుక సామే నిలబడి ఉంటాడు. ఎంత పెద్ద హాఫిజ్ అయినా సామే వద్దనడు.

నీట్‌కు చదివే మన పిల్లలు దీనికి సరిగ్గా తలకిందులుగా చేస్తున్నారు. పుస్తకం తెరిచి, రంగు పెన్నుతో గీతలు గీసిన పాఠాన్నే మళ్లీ మళ్లీ చదువుతారు. కంటికి అలవాటైన పేజీ కాబట్టి అంతా వచ్చినట్టే ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ విషయం మీదే. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవారే ముందున్నారు. వారం తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవారికి 40 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవారికి 61 శాతం నిలిచింది. అయినా తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా ఉన్నది చదివినవారే! మన ఉస్తాద్‌లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఇప్పుడు మా స్టడీ రూములో పని ఇలా సాగుతోంది. మొదటి మూడు రోజులు ఎవరూ చదవరు. 79 పాఠాల పేర్లున్న ఒక కాగితం ఇస్తాం. ఒక్కో పేరు చూసి, పుస్తకం మూసి, తెలిసిందంతా తెల్లకాగితం మీద రాయాలి. పాఠానికి పది నిమిషాలు. అలా రాస్తే పాఠాలు మూడు కుప్పలుగా వాటంతటవే విడిపోతాయి: వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. నలభై రోజుల్లో అసలు సమయమంతా సగం వచ్చిన కుప్పకే ఇవ్వాలన్నది మా అభిప్రాయం. వచ్చిన పాఠాలను మంజిల్ లాగా పాఠానికి ఇరవై నిమిషాలు అప్పజెప్పి దాటిపోవచ్చు. ఇక రాని కుప్పలో నుంచి చిన్నవి, మార్కులు తెచ్చేవి మాత్రమే ఏరుకోవాలి. ఫిజిక్స్‌లో సెమీకండక్టర్లు, పరమాణువులు, కేంద్రకాల వంటి పాఠాలు రెండు మూడు రోజుల్లో పట్టుకోవచ్చు. భ్రమణ చలనం మొదటిసారి అర్థం చేసుకోవడానికి ఏప్రిల్ నెల చాలదు. దాన్ని వదలమంటే పిల్లల ముఖం వాడిపోతుంది. వదలమనే చెబుతాం.

ఎందుకంటే లెక్క అలా ఉంది. పరీక్షకు 720 మార్కులు, 180 ప్రశ్నలు. అందులో 90 ప్రశ్నలు, అంటే సగం మార్కులు, బయాలజీవే. ఫిజిక్స్‌కు 45, కెమిస్ట్రీకి 45. సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. బయాలజీలో దాదాపుగా ప్రతి ప్రశ్నా పుస్తకంలోని ఏదో ఒక వాక్యం మీదో, బొమ్మ మీదో నిలబడి ఉంటుంది. కాబట్టి అప్పజెప్పే పద్ధతి ఎక్కువగా పనికొచ్చేదీ అక్కడే.

హాఫిజ్‌లకు మరో జాగ్రత్త కూడా ఉంటుంది. ఒకేలా మొదలై వేరుగా సాగే ఆయతులను, ముతషాబిహాత్‌ను, వారు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకుంటారు. జారేది అక్కడేనని వారికి తెలుసు. నీట్ ప్రశ్నల్లో నాలుగు ఎంపికలను తయారు చేసేదీ అలాంటి జంటలతోనే. జైగోటీన్‌లో క్రోమోజోములు జతకడతాయి, పాకిటీన్‌లో క్రాసింగ్ ఓవర్ జరుగుతుంది, డిప్లోటీన్‌లో కయాస్మాలు కనిపిస్తాయి. సీ3 మొక్కల్లో మొదట వచ్చేది మూడు కార్బన్ల పీజీఏ, సీ4 మొక్కల్లో నాలుగు కార్బన్ల ఓఏఏ. మూత్రపిండంలో రక్తాన్ని తెచ్చే ధమనిక ఒకటి, తీసుకుపోయే ధమనిక ఇంకొకటి. మా పిల్లలు వీటికోసం ఒక రెండు రూళ్ల నోటుబుక్కు పెట్టుకుంటారు, ఎడమవైపు ఒకటి, కుడివైపు దాని జంట. దానికి 'ముతషాబిహాత్ నోటు' అని పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు. చివరి వారంలో చాలామంది చేతిలో ఉండే పుస్తకం ఇదొక్కటే.

మన పిల్లల్లో కొందరికి ఇంకో చిక్కుంది, ఇది బయటివారికి అంతగా తెలియదు. పదో తరగతి ఉర్దూ మీడియంలో చదివిన అమ్మాయికి అది 'జియాయీ తాలీఫ్'. ఇంటి పక్క తెలుగు మీడియం స్నేహితురాలికి 'కిరణజన్య సంయోగక్రియ'. ఇంటర్‌లో 'ఫోటోసింథసిస్'. నీట్ ప్రశ్నపత్రం తెలుగు, ఉర్దూతో సహా 13 భాషల్లో ఉంటుంది, కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషే ప్రమాణం. పాఠం అర్థం కావడానికి ఏ భాష అయినా మంచిదే. అప్పజెప్పేటప్పుడు మాత్రం పరీక్షలో కనిపించే పేరుతోనే అప్పజెప్పాలి. రెండు పేర్ల మధ్య ఆగి ఆలోచించే అర నిమిషం ఖరీదైనది. 180 నిమిషాలకు 180 ప్రశ్నలు కదా.

ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో కూడా చెప్పాలి. ఫిజిక్స్‌ను అప్పజెప్పలేం. సూత్రాలు అప్పజెప్పినా లెక్క చేస్తేనే వస్తుంది. అందుకని ఫిజిక్స్‌కు రోజూ ఉదయం ఫజర్ తర్వాత గంటన్నర కేటాయించి పాత పేపర్ల లెక్కలే చేయిస్తున్నాం, పుస్తకం చదవనివ్వడం లేదు. ఇంకో సంగతి. రెండేళ్లుగా పాఠాలు అర్థం కాని విద్యార్థిని ఏ దౌర్ అయినా నలభై రోజుల్లో డాక్టరు సీటు దాకా చేర్చలేదు. అలా చేరుస్తామని చెప్పేవారికి డబ్బు కట్టవద్దని తల్లిదండ్రులకు చెబుతూనే ఉన్నాం.

ఆదివారాలు పరీక్ష పెడతాం, అదీ మధ్యాహ్నం 2 గంటలకే. అసలు పరీక్ష ఆ వేళకే మొదలై 5 దాకా సాగుతుంది. రాత్రంతా చదివి పగలు పడుకునే అలవాటున్న పిల్లలకు, ఇంకా ముఖ్యంగా రమజాన్ నెలంతా అలా గడిపినవారికి, మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతపడతాయి. జుహర్ చేసుకుని కూర్చుని మూడు గంటలు కదలకుండా ఓఎంఆర్ షీటు నింపడం శరీరానికి అలవాటు కావాలి. పరీక్ష తర్వాత రెండు సాయంత్రాలు తప్పులకే. తెలియక పోయినవి, జంటల మధ్య తికమకపడినవి, తెలిసీ తప్పు గడి నింపినవి అని విడదీస్తాం. మూడో రకం ఎంత ఉంటుందో చూసి మేమే ఆశ్చర్యపోయాం.

పాత పుస్తకాలు విరాళంగా ఇచ్చేవారికి ఒక మాట. కుదింపుకు ముందు నాటి బయాలజీ పుస్తకంలో జీర్ణక్రియ, మొక్కల్లో రవాణా, పర్యావరణ సమస్యలు వంటి పాఠాలున్నాయి. 2024 నీట్‌కు ఎన్‌ఎంసీ ఇచ్చిన సిలబస్‌లో అవి లేవు. కెమిస్ట్రీలో కథ వేరు: పీ బ్లాకు మూలకాలు కొత్త ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి పోయాయి, నీట్ సిలబస్‌లో మాత్రం ఉన్నాయి. అంటే మీ ఇంటి అటకమీది పాత బయాలజీ పుస్తకం పిల్లవాడి సమయం తినేయవచ్చు, పాత కెమిస్ట్రీ పుస్తకం అతనికి మార్కులు తేవచ్చు. పుస్తకం ఇచ్చే ముందు మాకొకసారి చూపించండి, ఆ ఏటి సిలబస్‌తో సరిచూస్తాం.

ఇక డబ్బు సంగతి. ఇన్నాళ్లూ మేము పుస్తకాలే ఎందుకు కొన్నామంటే, అందుకు ఒక కారణముంది. మా దగ్గరికి వచ్చే సొమ్ములో ఎక్కువ భాగం జకాత్. మా ఉలమాలు చెప్పిన ప్రకారం జకాత్ హక్కుదారుని సొంతం కావాలి. పుస్తకం చేతికిస్తే అతని సొంతమవుతుంది, పరీక్ష ఫీజుకు డబ్బు ఇచ్చినా అంతే. గది అద్దె, కరెంటు బిల్లు, ఫ్యాను, కూలర్ అలా కావు. అవి లిల్లాహ్, ఇమ్దాద్ ఖాతాల నుంచే పెట్టాలి, ఆ ఖాతాల్లో ఎప్పుడూ సొమ్ము తక్కువే. ఫలితంగా పిల్లల దగ్గర పుస్తకాలు పోగయ్యాయి, కూర్చోవడానికి చోటు లేకపోయింది. ఒకటే గది ఉన్న ఇంట్లో, షవ్వాల్ నెల పెళ్లిళ్ల హడావుడిలో, వంటపనికి పిలిచే అమ్మాయి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం ఎలా కుదురుతుంది? అందుకే రసీదు రాసేటప్పుడు కొంత మొత్తమైనా లిల్లాహ్ కింద రాయించమని కోరుతున్నాం. జకాత్ సొమ్ముతో అర్హులైన పిల్లలకు పరీక్ష ఫీజు, పాత పేపర్ల జిరాక్సులు, ఓఎంఆర్ షీట్లు, పరీక్ష కేంద్రానికి ప్రయాణ ఖర్చు ఇస్తున్నాం.

డబ్బు కాకుండా ఇంకొకటి కావాలి: వినేవాళ్లు. అసర్ నుంచి మగ్రిబ్ దాకా, వారానికి రెండు సాయంత్రాలు. బయాలజీ తెలిసి ఉండనవసరం లేదు. పిల్లవాడు చూడకుండా చెబుతుంటే ఎదురుగా పుస్తకం తెరుచుకుని, వాక్యం తప్పినచోట ఆపగలిగితే చాలు. పోయిన ఏడాది మాకు అలా విన్నవారిలో ఒకరు బట్టల కొట్టు నడుపుతారు, ఇంకొకరు రిటైరైన బస్ కండక్టరు. అమ్మాయిలకు వినడానికి ఇద్దరు ఉపాధ్యాయినులు వచ్చారు, ఇంకా నలుగురు కావాలి. ఏప్రిల్ మొదటి ఆదివారం జుహర్ తర్వాత స్టడీ రూములో పేర్లు రాసుకుంటాం.