కంచి యాత్ర - పెండ్లిచీర



మన నిజామాబాదు, బోధను ప్రాంతములనుండి తిరుపతి వెళ్లువారిలో, ఇంట పెండ్లి కుదిరినవారు అక్కడినుండి కంచికిని పోయివచ్చుట కలదు. స్వామి దర్శనమును, పెండ్లికూతురి చీరయు ఒక్క ప్రయాణమున నెరవేరును గదా. దర్శనమునకు వెఱపు లేదు. చీర విషయముననే కొంత తెలిసికొని పోవలెను.

శివకంచిలో ఏకామ్రేశ్వరుడు పృథ్వీలింగము గనుక లింగమునకు జలాభిషేకము చేయరు. అచ్చటి దక్షిణపు గాలిగోపురమును 1509లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించెను. పల్లవ రాజసింహుని కైలాసనాథాలయము అంతకంటె ఎనిమిది శతాబ్దములు ప్రాచీనము. విష్ణుకంచిలో వరదరాజస్వామి కోనేటనున్న అత్తికర్ర మూర్తిని నలువది యేండ్ల కొకమారు వెలికి తీయుదురు. 2019లో తీసిరి, మరల 2059లోనే. నా యీడువారికి ఆ యాశ లేదు, మనుమలకు చెప్పి యుంచుడు.

నేతవీధులలో తెలుగుమాట వినబడిన ఆశ్చర్యపడవలదు. దేవాంగులు, పద్మశాలీలు తెలుగుదేశమునుండి పూర్వము వెళ్లినవారని చెప్పుదురు. కంచిచీర గౌరవమంతయు అంచుకూర్పులో నున్నది. నడుమ నొక నాడె, అంచులకు రెండు నాడెలు నడపుచు, పోగుపోగునకు రెండు రంగుల పేకలను పెనవేయవలెను. దీనిని అరవమున కోర్వై యందురు. ప్రక్కన నొకడు కూర్చుండి నాడె నందీయవలెను. మునుపు ఆ పనికి పసిపిల్లలను కూర్చుండబెట్టిరి, అది మంచిది కాదు. గద్వాల చీర నెఱిగినవారికి ఈ కూర్పు క్రొత్త గాదు.

ఇట్టి చీరకు వారములు పట్టవచ్చును. మరమగ్గము ఆ రూపమునే గంటలలో దింపును; కంచిపట్టని పేరు పెట్టి అమ్ముదురు. బస్సు దిగగానే వెంటబడినవాని మాట నమ్మి నేను కొన్నది అదియే. నా సొమ్ము పోయిన పోయినది, నేతగాని కూలియు దానితోనే పోయినది. బోధనులో 1937నాటి చక్కెర కర్మాగారము 2015లో మూతపడగా ఎందరు చెఱకు మానిరో మన మెఱుగుదుము. కోర్వై నేయువాడు మగ్గము దిగినచో మరల ఎక్కునా?

అంచు వేరురంగైన చీరను తిరగవేసి చూడుడు. చేతినేతలో రెండు పేకలు అచ్చట ఒకదాని నొకటి పట్టుకొని పంటిగీతవలె కనబడును. మరనేతలో ఒకే పేక ఈ కొసనుండి ఆ కొసకు పోవును. ఒక పోగు కాల్చిన వెండ్రుక కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోవలెను. ముద్దకట్టినచో అది పట్టు కాదు. ఒక మాట మరువవలదు: సిల్కు మార్కు చీటీ పట్టు నిజమని మాత్రమే చెప్పును, చేనేత యని చెప్పదు, దానికి గుర్తు వేరు. సహకార సంఘముల దుకాణములకు పోయి, రసీదుమీద చేనేత యని వ్రాయించుకొనుడు.