కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్: అపోహలు, వాస్తవములు

శ్రీకాకుళం జిల్లాలో నిమ్మాడ మొదలుకొని కోటబొమ్మాళి, టెక్కలి, పలాసల మీదుగా ఉద్దానపు తీరగ్రామముల వరకు, ఇంటర్మీడియటు ముగించి ఇంజనీరింగు చదువునకు బయలుదేరు బిడ్డ ఉన్న ఇంట, జీడితోట ఫలసాయముననో, కొబ్బరి అమ్మకముననో, వలసపోయిన అన్న పంపిన సొమ్ముననో ముందుగా కొనబడు విలువైన వస్తువు ల్యాప్‌టాప్ అగుచున్నది. అది అంగడినుండి వచ్చునప్పటికే విండోస్ వేయబడి, సర్దుబాటులన్నియు పూర్తియై యుండును. కళాశాలలో అధ్యాపకులు లినక్స్ నేర్చుకొనుమని చెప్పినప్పుడు ఇంటివారికిని విద్యార్థికిని కలుగు సంకోచము సహజమే. కాని ఆ సంకోచమునకు ఆధారముగా ప్రచారములో నున్న మాటలలో అధికభాగము నిజము కాదు. నిజముగా జాగ్రత్తపడవలసిన చోటు వేఱొకటి కలదు, దానిని గూర్చి చెప్పువారు అరుదు.

“కొత్త మిషన్లలో సెక్యూర్ బూట్ ఉంటుంది, లినక్స్ ఎక్కదు” అనునది వానిలో ప్రధానమైనది. యంత్రము మేల్కొను క్షణమున, నమ్మదగిన సంతకముగల ప్రోగ్రామునకు మాత్రమే లోనికి దారి యిచ్చు ఏర్పాటు సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తో కూడిన యంత్రములలో ఇది వ్యాప్తిలోనికి వచ్చినప్పుడు లినక్స్‌కు ద్వారము మూసివేయబడునేమో యను ఆందోళన లోకమంతట కలిగినమాట వాస్తవమే. కాని షిమ్ అను చిన్న ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ సంతకముతో ముందు నిలిపి, దాని వెనుక తమ వ్యవస్థను నడుపు ఉపాయమును లినక్స్ నిర్మాతలు కనుగొనిరి. లినక్స్ సంచికలైన ఉబుంటు 2012లోను, ఫెడోరా 2013లోను, డెబియన్ 2019లోను ఈ మార్గమున సెక్యూర్ బూట్ కలిగిన యంత్రములలో నేరుగా నెక్కసాగినవి. కొన్ని నూతన యంత్రములలో మాత్రము, ఇతరుల సంతకములను అంగీకరించు ఒక మీటను తయారీదారు ఆపివేసి యుంచును. బయాస్ అను యంత్రపు మూల అమరికల తెరలో దానిని తెఱచిన చాలును. ఎన్‌విడియా కార్డు ఉన్నచో మొదటిసారి తిరిగి లేచినప్పుడు నీలితెరపై ఒక సంకేతపదము నడుగును. అది ఎక్కించునప్పుడు మనమే యిచ్చుకొన్న పదము గనుక, పాడైనదని బెదరిపోనక్కరలేదు.

“ముట్టుకుంటే వారంటీ పోద్ది, విండోస్ పోద్ది” అనునది రెండవమాట. వారంటీ సాధారణముగా తెరకు, కీబోర్డునకు, మదర్‌బోర్డునకు, బ్యాటరీకి సంబంధించినది. లోపల ఏ వ్యవస్థ నడుచుచున్నదన్న కారణముచేత విరిగిన కీలునకు మరమ్మతు నిరాకరించుట తగదు. ఐనను యంత్రముతోడి నిబంధనల పత్రమును ఒకసారి చదివి యుంచుకొనుట మేలు, ఏలయన సర్వీసువారు మొదటి స్థితిలో తెమ్మని అడుగుట కలదు. విండోస్ లైసెన్సు విషయమున భయము మఱింత నిరాధారము. 2012 తరువాతి బ్రాండెడ్ యంత్రములలో ఆ తాళపుచెవి డిస్కులో గాక మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే నిక్షిప్తమై యుండుటచే, డిస్కునంతటిని ఫార్మాట్ కొట్టినను, అదే తరగతి విండోసును మరల వేసినప్పుడు అది తనంతట తానే గుర్తింపు పొందును. పైగా రెండును ప్రక్కప్రక్కన ఉండవచ్చును. విండోస్ వైపునుండియే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవును కొంత కుదించి, ఏర్పడిన ఖాళీలో లినక్స్ నెక్కించిన, తెరచునప్పుడు ఏది కావలెనో యంత్రమే అడుగును.

ఇక అసలైన ప్రమాదము. నేటి విండోస్ 11 యంత్రములలో పెక్కింట, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి తెరచిన వెంటనే, యజమానికి తెలియకుండగనే డిస్కు మొత్తము గూఢలిపిలోనికి మారుచున్నది. దొంగతనమైనను లోపలి సమాచారము పరులపాలు కాకుండుటకు ఇది మంచి ఏర్పాటే. కాని బయాస్‌లో సెక్యూర్ బూట్ మొదలైన అమరికలలో మార్పు జరిగినచో, విండోస్ దానిని అనుమానించి, ఆఱేసి అంకెల ఎనిమిది గుంపులుగా నున్న 48 అంకెల రికవరీ కీ నడుగును. ఆ కీ ఎక్కడ నున్నది? ఖాతాలో నున్నది. ఆ ఖాతా ఎవరిది? ఇచ్చటనే చిక్కు. యంత్రమును అమ్మినచోటనే “సెటప్ చేసి యిస్తాం” అని కుర్రవాడొకడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించి సంకేతపదము వ్రాసిపెట్టని మెయిల్‌తోనో పని ముగించినచో, ఇంటివారి ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు అన్నియు ఆ 48 అంకెల వెనుక నిలిచిపోవును. తప్పు లినక్స్‌దని చెప్పుకొందురు. కాని పూర్వమే జరిగిన మార్పును మనము గమనింపకపోవుట దానికి కారణము. కావున చేయి పెట్టుటకు ముందు, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ క్రింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి యున్నదేమో చూడవలెను. ఖాతా తనదేయని రూఢిచేసికొని, కీని కాగితముపై వ్రాసికొని ఇంట దాచవలెను. ఎన్‌క్రిప్షన్ వలదనుకొన్నచో దానిని ఆఫ్ చేసి, డిస్కు గూఢలిపినుండి పూర్తిగా విడివడువఱకు వేచియుండవలెను. అట్లే ఫాస్ట్ స్టార్టప్ అనుదానిని ఆపవలెను. అది యున్నంతకాలము షట్‌డౌన్ చేసినను విండోస్ సంపూర్ణముగా ఆగక, లినక్స్‌నుండి విండోస్ విభాగములోనికి వ్రాయుటకు వీలుండదు. వీటన్నిటికంటె ముందుగా, ముఖ్యమైన ఫైళ్లకు వేఱొక పెన్‌డ్రైవులో ప్రతి యుండవలెను. ఈ ఒక్క నియమమును ఎంత బలముగా చెప్పినను చాలదు.

“డిస్కే కనిపించట్లేదు, ఈ కంపెనీ దానికి లినక్స్ పడదు” అని వెనుదిరుగువారును కలరు. ఇంటెల్ ప్రాసెసరు గల కొన్ని యంత్రములలో డిస్కు ఆర్‌ఎస్‌టీ అను విధానమున నుండుట ఇందుకు కారణము. బయాస్‌లో దానిని ఏహెచ్‌సీఐ అను విధానమునకు మార్చిన కనబడును, కాని విండోసును ముందుగా సేఫ్ మోడ్‌కు సిద్ధపఱచక మార్చినచో అది తెరచుకొనదు. వైఫై విషయమున, 2023లో వెలువడిన డెబియన్ 12 నుండి అవసరమైన ఫర్మ్‌వేర్ స్థాపక ఫైలులోనే చేరినది. మిక్కిలి కొత్త చిప్పులకు మాత్రము కొత్త కెర్నెల్ (వ్యవస్థ మూలభాగము) గల సంచికను ఎంచుకొనవలెను. ఏదియు ఎక్కింపకయే పెన్‌డ్రైవునుండి నడిపి, కీబోర్డు, శబ్దము, కెమెరా, వైఫై పనిచేయుచున్నవో లేదో చూచుకొనవచ్చును. యంత్రము మేల్కొనునప్పుడు డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసుస్‌లో ఎస్కేప్ నొక్కిన ఆ అవకాశము వచ్చును.

“అందులో తెలుగు రాదు” అనునది నాకు మనస్తాపము కలిగించు అపోహ. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోనికి తెచ్చుటకు ఏండ్ల తరబడి పాటుపడినది; భారత ప్రభుత్వపు సీడాక్ 2007లో మొదట విడుదల చేసిన బాస్ వ్యవస్థలోను తెలుగునకు స్థానము కలదు. ఉబుంటులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ఎంచుకొనుట కొద్దిపాటి పని. ఈ జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరిట నున్న గిడుగు అను అక్షరరూపమును సైతము ఎవరైనను ఉచితముగా దింపుకొని, లినక్స్‌లో వేసికొని, పంచుకొనవచ్చును.

పంచుకొనుట అనగానే చాలామంది “పైరసీ కాదా?” అని శంకింతురు. కాదు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రయత్నము, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన కెర్నెల్, ఇవి రెండును నిలిచియున్న అనుమతిపత్రము నకలు చేసి యిచ్చుటను హక్కుగా నిచ్చుచున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానములో విద్యుత్తు, ఫోన్లు ఎట్లు స్తంభించినవో అచ్చటివారెఱుగుదురు. అట్లు ఇంటర్నెట్ లేనివేళను, ఈ హక్కుచే ఒక్కరు దింపిన ఫైలునుండి ఊరంతటికి లినక్స్ నెక్కించుట సాధ్యమే. దింపిన ఫైలు మార్పులేక వచ్చినదో లేదో తెలుపు షా256 సంఖ్యను నిర్మాతల సైటులోని సంఖ్యతో సరిపోల్చి చూచుటను మాత్రము మానరాదు.

దీనికి విరుద్ధమైన అపోహయు కలదు: లినక్స్ వేసినచో అన్ని పనులు సాగునని. పెండ్లి శుభలేఖలు కూర్చు డీటీపీ అంగళ్లలోని అను ఫాంట్లు, పేజ్‌మేకర్, పలాస జీడిపప్పు వ్యాపారుల లెక్కలలోని టాలీ విండోస్‌పై నడుచు ప్రోగ్రాములు. వేలిముద్ర యంత్రములకును తయారీదారుల ప్రోగ్రాములు తఱచు విండోస్‌కే తగినట్లుండును. ఇట్టి పని కలవారు విండోసును తీసివేయరాదు, రెండింటిని ఉంచుకొనవలెను. అట్లుంచుకొన్నప్పుడు లినక్స్‌నుండి విండోసునకు మరలగనే గడియారము అయిదున్నర గంటలు వెనుకబడి కనబడుట కలదు. యంత్రమందలి గడియారమును ఒకటి స్థానిక కాలముగను, మఱొకటి అంతర్జాతీయ కాలముగను గ్రహించుటయే దీనికి హేతువు. దానిని స్థానిక కాలముగ ఎంచుమని లినక్స్‌కు ఒక్క ఆజ్ఞ యిచ్చిన సరిపోవును.