ఇన్‌ఫ్లూయెంజా మందుకు లొంగనప్పుడు

వానకాలంలోను, చలికాలంలోను ఇన్‌ఫ్లూయెంజా జ్వరం ప్రబలుతుంది. ఆరోగ్యవంతులలో అధికులు వారం రోజులలో కోలుకొంటారు. కాన్సర్ చికిత్స పొందుతున్నవారికి, మూత్రపిండం లేక ఎముక మజ్జ మార్పిడి జరిగినవారికి, దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారికి మాత్రం ఇది ప్రమాదకరం. వారిలో వైరస్ మందుకు లొంగని రూపు దాల్చే అవకాశం కూడా అధికం.

మందు పనిచేసే తీరు

ఇన్‌ఫ్లూయెంజాకు సాధారణంగా ఇచ్చే మందు ఒసెల్టామివిర్. టామిఫ్లూ అనే పేరుతో ప్రసిద్ధం. వైరస్ మన కణాలలో వృద్ధి చెంది, న్యూరామినిడేజ్ అనే ఎంజైము సాయంతో విడివడి ఇతర కణాలకు వ్యాపిస్తుంది. ఈ మందు ఆ ఎంజైమును అడ్డుకొంటుంది.

నిరోధకత ఎలా కలుగుతుంది?

మందుకు అలవాటు పడేది శరీరం కాదు, మారేది వైరస్. అది తన జన్యుపదార్థానికి నకళ్లు తీసుకొనేటప్పుడు తప్పులు దొర్లుతాయి. వాటిని సరిదిద్దే ఏర్పాటు దానికి లేదు. ఆరోగ్యవంతుని శరీరం మారిన వైరస్‌ను సైతం కొద్దిరోజులలో తుడిచివేస్తుంది. రోగనిరోధక శక్తి క్షీణించినవారిలో అది వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు నిలుస్తుంది. మందుకు లొంగేవి అణగిపోగా, లొంగనివి మిగిలి పెరుగుతాయి. హెచ్1ఎన్1 వైరస్ న్యూరామినిడేజ్‌లో 275వ స్థానాన హిస్టిడిన్‌కు బదులు టైరోసిన్ చేరితే చాలు, ఒసెల్టామివిర్ పట్టు తప్పుతుంది. 2009లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లోని ఒక ఆసుపత్రి రక్తవ్యాధుల విభాగంలో ఇట్టి వైరస్ రోగి నుండి రోగికి సోకింది. ఈ మార్పు గల వైరస్‌పై జనామివిర్ అనే మరొక మందు సాధారణంగా పనిచేస్తుంది. కనుక నిరోధకతను సకాలంలో గుర్తించడం ముఖ్యం.

పాటించవలసినవి

• జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు కనిపించగానే వైద్యుని సంప్రదించవలెను. 48 గంటలలోపు మందు ప్రారంభిస్తే ఫలితం అధికం. ఆలస్యమైనా ఇట్టివారికి చికిత్స అవసరమే.

• తమ పాత వ్యాధిని, వాడుతున్న మందులను తప్పక తెలుపవలెను. స్వస్థలంలో చికిత్స పొందినవారు ఆ చీటీలను వెంట తీసుకొని వెళ్లవలెను. భాష రాకున్నా మందుల పేర్లు వైద్యునికి తెలుస్తాయి.

• మాత్రలను మధ్యలో ఆపరాదు. మిగిలినవి దాచి సొంతంగా వాడరాదు, ఇతరులకు ఇవ్వరాదు.

• మందు వాడుతున్నా జ్వరం తగ్గకపోతే, లేక తగ్గి మరల వస్తే, తిరిగి పరీక్ష చేయించవలెను.

• జ్వరం తగ్గినా వైరస్ పోయినట్లు కాదు. ఆసుపత్రికి, డయాలసిస్ కేంద్రానికి మాస్కు ధరించి వెళ్లి, సిబ్బందికి ముందే తెలుపవలెను.

• రోగితో పాటు ఇంటిల్లిపాది ఏటా టీకా వేయించుకొనవలెను. ముక్కులో చల్లే సజీవ టీకా రోగికి తగదు. రోగికి టీకా పూర్తి రక్షణ ఇవ్వకపోవచ్చు. అందుకే ఇంటివారి టీకా ఆయనకు రెండవ కవచం.