ఊరి పేరే పెట్టుబడి

హైదరాబాదులో ఇల్లు కట్టుకుంటున్న ఆయన పార్కింగులో పరిచే బండల కోసం ఫోను తీసి ‘తాండూరు స్టోన్’ అని కొడతాడు. మంచి పప్పు కావాలనుకునే ఇల్లాలు ‘తాండూరు కందిపప్పు’ అని కొడుతుంది. ఆదివారం పిల్లల్ని ఎటైనా తిప్పుకొద్దామనుకునేవాళ్లు ‘వికారాబాద్ రిసార్ట్స్’ అని వెతుకుతారు. మా వికారాబాద్ జిల్లా వ్యాపారులకు ఇంతకంటే అదృష్టం ఏముంటుంది? ఆ పేర్లు జనం నోట నానడానికి మేం ప్రకటనలకు రూపాయి పెట్టలేదు. మా నేలా, రాయీ, గుట్టలే ఆ పని చేసి పెట్టాయి. పేరు కొట్టినవాళ్లకు మన దుకాణం దొరకాలి, అంతే. చాలామందిమి వెనకబడుతున్నది అక్కడే.

మాది యాలాల మండలం. మా చేలో పండిన కందుల్ని పప్పు పట్టించి, ప్యాకెట్లు కట్టి అమ్ముతాను. మా చిన్నాయనకు తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ ఉంది. రెండు వ్యాపారాల ఫోన్లూ నా దగ్గరే మోగుతాయి.

వెతికేవాళ్లు వేరు, చూసేవాళ్లు వేరు

ఆన్‌లైన్ ప్రచారం అనగానే అందరికీ రీల్సే గుర్తొస్తాయి. గూగుల్‌లో వెతికేవాళ్లకు వస్తువు కావాలి, ఎవరి దగ్గర కొనాలో తేలలేదంతే. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పైకి తోసుకుంటూ పోయేవాళ్లకు ఆ పూట ఏమీ అక్కర్లేదు, మనమే గుర్తు చేయాలి. కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను వదిలేసి, ఊరికే చూసేవాళ్ల వెంట ముందు పరుగెత్తడం దండగ.

వెతికేవాళ్లకు దొరకడానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉంది. 2014లో గూగుల్ మై బిజినెస్‌గా మొదలై, 2021లో ఈ పేరుకు మారింది. పైసా కట్టనక్కర్లేదు. వెతికినదానికి మన వ్యాపారం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, దానికి ఎంత పేరుంది అన్న మూడు సంగతులూ చూసి ఎవరిని పైన చూపాలో గూగుల్ తేలుస్తుంది. దూరాన్ని మనం మార్చలేం. మిగతా రెండూ చాలావరకు మన చేతిలోవే.

చిన్నాయన ప్రొఫైల్‌లో మొదట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటో ఆయన సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీ. మ్యాప్‌లో గుర్తేమో అసలు చోటు వదిలి ఎక్కడో ఉండేది. లారీ డ్రైవర్లు ఊరు దాటిపోయి ఫోన్ చేసేవాళ్లు. గుర్తును యార్డు గేటు మీదికి జరిపాం. ఫ్లెక్సీ తీసేసి బండల ఫొటోలు పెట్టాం. నీలం బండ పొడిగా ఉన్నప్పుడొకటి, నీళ్లు చల్లాక ఒకటి. మందం తెలిసేలా అంచున టేపు పట్టి ఇంకొకటి. రాతలో తాండూరు బ్లూ, తాండూరు ఎల్లో, నాపరాళ్లు, పార్కింగ్ బండలు అని గిరాకీలు అడిగే పేర్లన్నీ వచ్చేలా చూశాం. దాంతో ‘మీ దగ్గర ఏముంది’ అనే ఫోన్లు తగ్గి, ‘చదరపు అడుగు ఎంత’ అనేవి పెరిగాయి.

‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ’ అంటూ వచ్చే ఫోన్లూ ఉంటాయి. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. డబ్బు కట్టి వేసే ప్రకటన ‘స్పాన్సర్డ్’ అన్న గుర్తుతో విడిగా కనిపిస్తుంది తప్ప, దానివల్ల మామూలు ఫలితాల్లో మన స్థానం పెరగదు.

అనంతగిరి నేర్పేది

పేరు రావాలంటే రివ్యూలు కావాలి. వికారాబాద్ దగ్గర బస నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు. మూసీ పుట్టిన అనంతగిరి ఆగస్టులో పచ్చగా, మబ్బులు తాకుతూ ఉంటుంది. ఏప్రిల్లో ఆకు రాలి ఎండిపోతుంది. వానాకాలం ఫొటో చూపించి వేసవిలో గది ఇస్తే, వచ్చినవాళ్లు ఒక్క చుక్కే వేసి పోతారు. రెండు కాలాల ఫొటోలూ పెట్టి, ఏది ఎప్పటిదో రాస్తే గొడవే లేదు. కొనుక్కున్న రివ్యూలతో ఆ చుక్కను కప్పేయాలని చూడకూడదు. ఆన్‌లైన్ రివ్యూల విషయంలో ఎలా నడుచుకోవాలో చెబుతూ మన దేశంలో 2022లోనే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం వచ్చింది.

పప్పు ఉడికితే చాలు

సోషల్ మీడియాలో మాత్రం కథ చెప్పాలి. తాండూరు కందిపప్పుకు కథ కొదవలేదు. కింద సున్నపురాయి, పైన నల్లరేగడి, వానాధారపు పంట. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు మీద 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇక వేరేచోటి పప్పుకు ఆ పేరు తగిలించి అమ్మడం 1999 నాటి చట్టం ప్రకారం నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు.

ఫోన్ చేసినవాళ్లు ముందు అడిగేది అదే: ‘అక్కా, ఇది అసలు తాండూరు పప్పేనా?’ దానికి జవాబుగా కల్లంలో కందులు నూర్చడం, మిల్లులో పప్పు పట్టడం వీడియో తీసి పెడతాను. త్వరగా ఉడుకుతుందని మా పప్పుకు పేరు. అందుకే పొయ్యి పక్కన గడియారం పెట్టి, నీళ్లు పోసిన దగ్గర్నుంచి మెత్తబడేదాకా కత్తిరించకుండా చూపిస్తాను. పాలిష్ పట్టని పప్పు మెరవదని కూడా అందులోనే చెబుతాను. పేరున్న వాళ్లకు డబ్బులిచ్చి పొగిడించుకుంటే అది ప్రకటన అని వాళ్లు చెప్పి తీరాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే ఆ నియమం పెట్టింది.

లెక్క తప్పితే లైకులే మిగులుతాయి

ప్రకటనకు 2,000 రూపాయలు పెడితే పది మంది కొన్నారనుకుందాం. ఒక్కో గిరాకీ 200కు పడ్డట్టు. లారీ బండలు కొనేవాళ్ల దగ్గర అది లెక్కలోకే రాదు. రెండు కిలోల పప్పు కొంటే 60 మిగిలేచోట మాత్రం 140 నష్టం. ఆ గిరాకీ మళ్లీ మళ్లీ వస్తేనే గిట్టుబాటు. కాబట్టి పప్పుకు అసలు పనిముట్టు వాట్సాప్ బిజినెస్. కొన్నవాళ్ల చేత మన నంబరు సేవ్ చేయించుకోవాలి, లేకపోతే బ్రాడ్‌కాస్ట్ సందేశం వాళ్లకు చేరదు. కొత్త పంట వచ్చినప్పుడు ఒక్క సందేశం చాలు. రోజూ గుడ్ మార్నింగులు పంపితే బ్లాక్ చేస్తారు.

ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ ‘మా నంబరు ఎక్కడ దొరికింది?’ అని అడిగి నోటుబుక్కులో రాస్తాను. గూగుల్, ఇన్‌స్టా, తెలిసినవాళ్లు అని మూడు గళ్లు. బండల గిరాకీలు ఎక్కువగా మొదటి గడిలో, పప్పు గిరాకీలు మూడో గడిలో పడుతున్నారు. అందుకే ఇప్పుడు బండలకు రీల్స్ మానేసి, ఇల్లు కట్టేవాళ్లు వెతికినప్పుడు కనిపించే ప్రకటనలకే డబ్బు పెడుతున్నాం. పప్పు ప్రచారానికి పెట్టే సొమ్ముతో పాత గిరాకీలకు పార్శిల్ ఖర్చులో తగ్గింపు ఇస్తున్నాం.